సైకిల్‌కి కుక్క అడ్డొస్తే తప్పెవరిది?

ప్రశ్న: మా బ్లాకీకి నాలుగేళ్లు. ఇంతవరకు ఎవరినీ కరిచింది లేదు. రోజూ పొద్దున్నే నడకకి తీసుకెళ్తాను. ఆ దారిలో నడిచేవాళ్లూ వెళ్లొచ్చు, సైకిళ్లూ వెళ్లొచ్చు. పోయిన వారం నేను దారికి ఎడమ పక్కన నడుస్తున్నాను, బ్లాకీ కుడి పక్కన గడ్డిలో వాసన చూస్తోంది. నా చేతిలో ఉన్నది లాగితే సాగే, వదిలితే చుట్టుకునే పొడవాటి లీష్. వెనక నుంచి ఒకాయన సైకిల్ మీద వేగంగా వచ్చాడు. బెల్లు కొట్టలేదు, ఒక కేక వేయలేదు. తాడు ఆయనకి కనబడలేదట. అది చక్రానికి చుట్టుకుని కింద పడ్డాడు, మణికట్టు విరిగింది. బ్లాకీని కూడా ఈడ్చేసింది, ముందు కాలికి దెబ్బ తగిలింది. ఇప్పుడు సైకిల్ కనబడితే చాలు, వణికిపోతోంది. వైద్యం ఖర్చూ సైకిల్ రిపేరూ నన్నే పెట్టుకోమంటున్నాడు ఆయన. మా వారేమో "కుక్కని కట్టే పట్టుకున్నావు కదా, బెల్లు కొట్టకుండా వచ్చినవాడిదే తప్పు" అంటున్నారు. మా అమ్మాయి "తప్పు నీదేనమ్మా" అంటోంది. వారం నుంచి నాకు నిద్ర లేదు. నిజంగా తప్పెవరిది? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెప్పిందే ఎక్కువ నిజం. మీ వారి మాటలోనూ నిజం ఉంది, కాకపోతే తక్కువ. నన్ను పంచమంటే మూడు వంతుల్లో రెండు మీ మీద వేస్తాను, ఒకటి సైకిలాయన మీద వేస్తాను. బ్లాకీ మీద ఏమీ వేయను. ఎలా పంచానో వివరంగా రాస్తున్నాను, మీ వారికి కూడా చదివి వినిపించండి.

మీరు ఎడమ పక్కన, బ్లాకీ కుడి పక్కన అన్నారు. అంటే ఆ క్షణంలో దారి మొత్తానికి అడ్డంగా ఒక తాడు కట్టి ఉంది. ఈ రకం లీషులు 5 మీటర్లవీ 8 మీటర్లవీ ఉంటాయి. చాలావాటిలో ఉండేది సన్నటి తాడే. పొద్దుటి వెలుతురులో, అదీ కదులుతూ వచ్చేవాడికి, అది కనబడటం చాలా కష్టం. మనిషి కనబడతాడు, కుక్క కనబడుతుంది, మధ్యలో దారి ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. సైకిల్ తొక్కేవాళ్లు సహజంగా ఖాళీగా కనబడిన చోటికే తిప్పుతారు. ఆయన కూడా అదే చేశాడు.

"కట్టే పట్టుకున్నావు కదా" అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. మెడకి తాడు ఉండటం వేరు, కుక్క అదుపులో ఉండటం వేరు. మీ చేతిలోని లీష్‌ని ఒకసారి బయటికి తీసి చూడండి. బటన్ నొక్కితే తాడు అక్కడితో ఆగుతుంది, అంతే. లోపలున్న స్ప్రింగ్ వదులుగా ఉన్న తాడుని చుట్టుకోగలదు గానీ, కుక్కని వెనక్కి లాగలేదు. ఐదారు మీటర్ల అవతల ఉన్న కుక్కని పక్కకి తెచ్చుకోవాలంటే అది తనంతట తాను రావాలి, లేదా మీరే దాని దగ్గరికి వెళ్లాలి. కంగారులో తాడుని చేత్తో పట్టుకుంటే వేళ్లు కోసుకుపోతాయి. నడిచేవాళ్లు తప్ప ఎవరూ రాని విశాలమైన మైదానంలో అది మంచి వస్తువే. సైకిళ్లు తిరిగే దారిలో మాత్రం దాన్ని పూర్తిగా వదలకూడదు.

ఇప్పుడు మీ వారి వాదన తీసుకుందాం. సైకిలాయన బెల్లు కొట్టే వచ్చాడనుకోండి. గంటకి 20 కి.మీ. వేగమంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. 20 మీటర్ల దూరంలో బెల్లు కొట్టినా మీకు దొరికేది నాలుగు సెకన్ల లోపే. ఆ కాస్త సమయంలోనే బెల్లు విని, వెనక్కి తిరిగి, సైకిల్ ఎటు వస్తోందో చూసి, బ్లాకీ ఎక్కడుందో వెతుక్కుని పిలవాలి. పిలిస్తే అది ఎటు వస్తుంది? మీ వైపే. అంటే దారికి అడ్డంగా, సరిగ్గా సైకిల్ ముందునుంచి. అదే లీష్ ఒకటిన్నర మీటరుదై ఉంటే, మీరిద్దరూ దారికి ఒకే పక్కన ఉండేవాళ్లు, బెల్లు వినబడినా వినబడకపోయినా ఒక్క అడుగు పక్కకి వేస్తే సరిపోయేది. అందుకే మీ భాగం పెద్దదంటున్నాను. ఆయన చేయాల్సింది చేసినా ప్రమాదం తప్పుతుందన్న నమ్మకం లేదు. మీరు చేయాల్సింది చేసి ఉంటే దాదాపు తప్పేది.

అలాగని ఆయన్ని వదిలిపెట్టను. నడిచేవాళ్లు ఉన్న దారిలో వెనక నుంచి వచ్చే మనిషే ముందుచూపుతో ఉండాలి. ముందున్నవాళ్లకి వీపు వెనక కళ్లుండవు. ఆయనకి మాత్రం ముందున్నదంతా కనబడుతోంది: ఒక మనిషి, ఒక కుక్క, ఇద్దరూ దారికి చెరో పక్కన. ఆ దృశ్యం చూడగానే "మధ్యలో తాడుంటుందేమో" అని అనుమానం రావాలి. రాకపోయినా, కుక్క ఏ క్షణానైనా పక్కకి దూకగలదని ఎవరికైనా తెలుసు. 20 కి.మీ. వేగంలో ఉన్న సైకిల్, ప్రమాదం గమనించి బ్రేకు పట్టేసరికి ఒక సెకను, తర్వాత పొడి నేల మీద మంచి బ్రేకులతో ఇంకో నాలుగు మీటర్లు, మొత్తం తొమ్మిది పది మీటర్లు వెళ్లాక గాని ఆగదు. 30 వేగమైతే 17 మీటర్ల దాకా పోతుంది. అదే 10 కి.మీ. వేగమైతే నాలుగు మీటర్ల లోపే ఆగుతుంది. వేగం సగం చేసుకుంటే ఆగే దూరం సగం కన్నా బాగా తగ్గిపోతుందని సైకిల్ తొక్కే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాలి. మీ పక్కనుంచి వెళ్లే ఆ పది మీటర్లు ఆయన నెమ్మదిగా వెళ్లి ఉంటే, తాడు తగిలినా ఆయన కాలు కింద పెట్టి నిలబడేవాడు. మణికట్టు విరిగేది కాదు.

బ్రిటన్‌లో రోడ్డు వాడేవాళ్లకోసం హైవే కోడ్ అని ఒక నియమావళి ఉంది. అందులో కుక్కలవాళ్లకీ చెప్పారు, సైకిళ్లవాళ్లకీ చెప్పారు. సైకిళ్లతో పంచుకునే దారిలో కుక్కని పొట్టి లీష్‌తో పట్టుకోవాలని 56వ నియమం. నడిచేవాళ్లని దగ్గరగా, వేగంగా, ముఖ్యంగా వెనక నుంచి దాటకూడదని, అవసరమైతే బెల్లు కొట్టి గానీ మర్యాదగా పిలిచి గానీ తెలియజేయాలని, ఆగడానికి సిద్ధంగా ఉండాలని 63వ నియమం. మీ సంఘటనలో మీరు మొదటిదాన్ని, ఆయన రెండోదాన్ని పాటించలేదు. నియమావళి ఏ దేశానిదైనా, ఇందులోని ఇంగితం అన్నిచోట్లా ఒకటే.

చట్టాల సంగతికొస్తే దేశానికొక తీరు ఉంది. జర్మనీ పౌర చట్టంలోని 833వ సెక్షన్ ప్రకారం, సరదాకి పెంచుకునే జంతువు ఎవరినైనా గాయపరిస్తే యజమాని తప్పు చేశాడా లేదా అని అడగరు, పరిహారం యజమానే ఇవ్వాలి. ఎదుటివాడి నిర్లక్ష్యం కూడా ఉంటే ఆ మేరకు తగ్గిస్తారు. అందుకే అక్కడ కుక్కలకి బాధ్యత బీమా చేయించుకోవడం మామూలు, కొన్ని రాష్ట్రాల్లో తప్పనిసరి. ఫ్రాన్స్ పౌర స్మృతి 1243వ అధికరణం, జంతువు తన అదుపులో ఉన్నా తప్పించుకుపోయినా దాని వల్ల కలిగిన నష్టానికి యజమానే బాధ్యుడంటుంది. బ్రిటన్‌లో 1971 జంతువుల చట్టం ఉంది గానీ, ఇలాంటి తగాదాలు చాలావరకు "తగిన జాగ్రత్త తీసుకున్నారా" అన్న ప్రశ్న మీదే తేలతాయి. భారతదేశంలో న్యాయ సంహిత 291వ సెక్షన్, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకి ప్రాణాపాయం గాని తీవ్ర గాయం గాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడాన్ని నేరంగా చూస్తుంది. అదే సంహితలో 281వ సెక్షన్ బహిరంగ దారిలో నిర్లక్ష్యంగా వాహనం నడపడాన్నీ నేరమంటుంది. ఇలా అక్కడ కూడా ఇద్దరి మీదా బాధ్యత ఉంది.

"మా కుక్క ఎవరినీ కరిచింది లేదు" అన్నారు. నమ్ముతున్నాను. కానీ సైకిల్ ప్రమాదంలో కుక్క స్వభావానికి పెద్దగా సంబంధం లేదు. ఆడుకుంటూ అడ్డొచ్చే కుక్క, కరిచే కుక్క ఎంత ప్రమాదమో అంత ప్రమాదం. లండన్‌లో 2016లో ఒక పార్కులో ఇలాంటిదే జరిగింది. యజమాని విసిరిన బంతి కోసం ఒక స్పానియల్ జాతి కుక్క దారికి అడ్డంగా పరుగెత్తింది, సైకిల్ మీద వస్తున్న పెద్దాయన హ్యాండిల్ మీదుగా ఎగిరి పడి తలకి గాయమైంది. కేసు కోర్టుకి వెళ్తే తీర్పు ఆయన వైపే వచ్చింది. దారిలో జనం ఉన్నారని తెలిసీ కుక్కని వెనక్కి పిలవలేదన్నది కారణం. ఆ కుక్కకి కోపమూ లేదు, దురుద్దేశమూ లేదు. బంతిని చూసింది, పరుగెత్తింది.

ఎంత నేర్పున్నా సైకిల్ తొక్కేవాళ్లు తప్పించుకోలేని సందర్భాలు ఉంటాయని కూడా మనం ఒప్పుకోవాలి. 2007 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో మార్కస్ బుర్ఘార్ట్ అనే పోటీదారుడి ముందుకి ఒక లాబ్రడార్ తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది. ముందు చక్రం వంగిపోయింది, ఆయన ఎగిరి అవతల పడ్డాడు, కుక్క లేచి వెళ్లిపోయింది. అదే ఏడాది అదే పోటీలో సాండీ కాజర్ కూడా కుక్క తగిలి పడ్డాడు. గాయాలతోనే తొక్కి ఆ రోజు పందెం గెలిచాడు. ప్రపంచంలో అందరికన్నా బాగా తొక్కేవాళ్లు, ట్రాఫిక్ మూసేసిన రోడ్డు మీద, తప్పించుకోలేకపోయారు. మన దారిలో మామూలుగా తొక్కే మనిషి తప్పించుకోవాలని ఎలా అంటాం?

ఇక బ్లాకీ మీద ఏమీ ఎందుకు వేయనన్నానో చెప్తాను. 1890ల్లో ఫ్రాన్స్‌లో గలాన్ అనే తుపాకుల తయారీదారు సైకిల్ తొక్కేవాళ్ల జేబులో పట్టే చిన్న రివాల్వర్ ఒకటి తెచ్చాడు. వెంటపడే కుక్కల కోసమే దాన్ని వెలో-డాగ్ అన్నారు. సైకిళ్లు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో కుక్కే శత్రువు, కాల్చేస్తే సరి అనుకున్నారు. నాకు ఆ ఆలోచన అప్పుడూ ఇప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. వేగంగా కదిలేదాన్ని వెంబడించడం వేటాడే జంతువుకి పుట్టుకతో వచ్చిన గుణం. మందలు కాసే జాతుల్లో అయితే మనుషులే తరతరాలుగా ఎంచి ఎంచి దాన్ని పెంచారు. దారి ఎవరిదో, ఏ పక్క నడవాలో దానికి తెలిసే వీలు లేదు. బెల్లు మోగితే తప్పుకోవాలన్నది కూడా మనం నేర్పితేనే తెలుస్తుంది. నిర్ణయాలు తీసుకోగలిగింది ఇద్దరు మనుషులే కాబట్టి తప్పు కూడా ఆ ఇద్దరి మధ్యే పంచాలి.

యజమానే లేని వీధికుక్క అడ్డొస్తే? ఇది చాలామందికి వచ్చే సందేహమే. అక్కడ లీష్ పట్టుకున్న చెయ్యి లేదు కాబట్టి జాగ్రత్తంతా తొక్కేవాడి మీదే పడుతుంది. అది అతని తప్పని కాదు, అక్కడ వేరే మార్గం లేక. టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించాల్సిన స్థానిక సంస్థల బాధ్యత ఉంది గానీ, అది ఇంకో ఉత్తరానికి సరిపడా పెద్ద విషయం. అలాగే సైకిళ్లకి అనుమతి లేని కాలిబాట మీదకి ఎవరైనా తొక్కుకుంటూ వచ్చి మీ కుక్కని గుద్ది ఉంటే, నా పంపకం తలకిందులయ్యేది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఆయన్ని ఇంకా పలకరించకపోతే ముందు వెళ్లి పలకరించండి. చెయ్యి ఎలా ఉందని అడగండి, లీష్ అంత పొడవు వదలడం మీ పొరపాటేనని చెప్పండి. బెల్లు విషయం ఆ రోజు ఎత్తకండి. మీకు ఇంటి బీమా గాని కుక్క బీమా గాని ఉంటే, డబ్బు గురించి కాగితం మీద ఏదైనా రాసిచ్చే ముందు బీమావాళ్లకి చెప్పండి. చాలా పాలసీల్లో ముందు చెప్పకుండా ఒప్పుకుంటే చిక్కొస్తుంది.

డబ్బు దగ్గర నా సలహా లెక్క ప్రకారం మూడింట రెండు వంతులు కాదు. వైద్యం ఖర్చు మొత్తం మీరే ఇవ్వండి. మణికట్టు విరిగితే వారాల తరబడి కట్టు ఉంటుంది, రాయలేరు, బరువు ఎత్తలేరు, పనికి వెళ్లలేకపోవచ్చు. ఆ బాధకి, పోయిన రోజులకి ఆయన మిమ్మల్ని ఏమీ అడగడం లేదు. సైకిల్ రిపేరు మాత్రం సగం సగం పెట్టుకుందామని అడగండి. నెమ్మదిగా వచ్చి ఉంటే చక్రం అంతగా పాడయ్యేది కాదని అప్పుడు మర్యాదగా చెప్పవచ్చు. బ్లాకీ వైద్యం ఖర్చు మీరే పెట్టుకోండి, ఆయన ముందు దాని ప్రస్తావన తేకండి. ఆయన ఇంకా పెద్ద మొత్తం అడిగినా, నోటీసు పంపినా వకీలుని కలవండి. ఆ రోజు ఎవరు ఎక్కడ ఉన్నారో, దారి ఎంత వెడల్పుందో, ఎవరు చూశారో జ్ఞాపకం చెదరకముందే ఇప్పుడే రాసి పెట్టుకోండి.

రెండు ఆరోగ్య విషయాలు కూడా అడగాలి. ఆ గందరగోళంలో బ్లాకీ పన్ను గాని గోరు గాని ఆయనకి తగిలిందా? చర్మం చిట్లితే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా డాక్టరుని కలవాలి. వారం దాటినా సరే, అప్పుడు చూపించుకోకపోయి ఉంటే ఇప్పుడైనా వెళ్లమనండి, బ్లాకీ టీకాల కార్డు తీసుకెళ్లి చూపించండి. తలకి దెబ్బ తగిలి ఉంటే, తలనొప్పి తగ్గకపోయినా వాంతులు, మగత ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ రోజు పెట్టుకున్న హెల్మెట్ నేలకి తగిలి ఉంటే పైకి పగుళ్లు కనబడకపోయినా మార్చేయాలి. బ్లాకీ ఇంకా కుంటుతుంటే కాలు ఎక్స్‌రే తీయించండి. సైకిల్ గుద్దిన కుక్క ఏదైనా సరే, చిగుళ్లు పాలిపోయినా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా లోపల రక్తస్రావం కావచ్చు, ఇంటి దగ్గర ఆగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

ఈ జవాబు సైకిల్ తొక్కేవాళ్లూ చదువుతారు కాబట్టి వాళ్లకీ ఒక మాట. కుక్కతో నడిచేవాళ్లు కనబడితే 20 మీటర్ల ముందే బెల్లు కొట్టండి, వీపు వెనకకి వచ్చాక కొడితే మనిషీ కుక్కా ఇద్దరూ ఉలిక్కిపడి ఎటో దూకుతారు. నడక వేగానికి తగ్గి, వాళ్లు లీష్ దగ్గరికి తెచ్చుకునేదాకా ఆగండి. మనిషికీ కుక్కకీ మధ్యనుంచి ఎప్పుడూ వెళ్లకండి. కుక్క వెంటపడితే వేగం పెంచాలనిపిస్తుంది, కాలితో తన్నాలనిపిస్తుంది. వేగం పెంచితే దాని ఉత్సాహం పెరుగుతుంది, తన్నబోతే హ్యాండిల్ అదుపు తప్పుతుంది. చాలాసార్లు దిగి నిలబడి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య పెట్టి, గట్టిగా "పో" అంటే అది ఆగిపోతుంది. పరుగు ఆగాక వెంటపడటానికి దానికి ఏమీ మిగలదు.

ఇక బ్లాకీ భయం. దీన్ని అశ్రద్ధ చేయకండి. సైకిల్ చూసి వణికే కుక్క రేపు సైకిల్ చూసి మొరిగే కుక్కో మీదికి దూకే కుక్కో అవుతుంది. ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల మామూలు లీష్ కొనండి, మెడకి కాకుండా ఛాతీకి వేసే పట్టీ అయితే ఇంకా మంచిది. దారిలో సైకిళ్లు వెళ్లే వైపు మీరు ఉండండి, దాన్ని అంచు వైపు ఉంచండి. "పక్కన" లాంటి ఒక్క మాట ఎంచుకుని, ఆ మాట వినగానే మీ కాలి పక్కకి వచ్చి నిలబడటం ఇంట్లోనే నేర్పండి, వచ్చిన ప్రతిసారీ దానికిష్టమైన ముక్క పెట్టండి. అది ఇంట్లో బాగా వచ్చాక బయట మొదలుపెట్టండి.

సైకిల్‌తో అలవాటు చేయడానికి మీ అమ్మాయిని సాయం అడగండి. మొదట సైకిల్‌ని స్టాండు వేసి ఆపి, బ్లాకీ వణకనంత దూరంలో నిలబడి, అది సైకిల్‌ని చూసి మళ్లీ మీ వైపు చూసినప్పుడల్లా ముక్క పెట్టండి. కొన్ని రోజుల తర్వాత కాస్త దగ్గరికి. ఆ తర్వాత మీ అమ్మాయి సైకిల్‌ని నడిపించుకుంటూ వెళ్లాలి, ఇంకా తర్వాత నెమ్మదిగా తొక్కుతూ, ముందు దూరంగా, తర్వాత దగ్గరగా. బెల్లు కూడా ఇదే పద్ధతిలో: బెల్లు మోగగానే ముక్క, ఆ బెల్లుకే మీ పక్కకి రావడం. వారాలు పట్టొచ్చు. పెదాలు నాకుతున్నా, ఒళ్లు బిగబట్టినా, తోక కాళ్ల మధ్యకి పెట్టినా అది తట్టుకోలేకపోతోందని అర్థం. అప్పుడు బలవంతం చేయకుండా దూరం పెంచి, అది కుదుటపడ్డాక ఆ రోజుకి ఆపేయండి.